ఊరి వ్రాతకు సొంత యిల్లు

గోదావరిఖని, రామగుండము పరిసరములందు నివసించు పెద్దలకు ఊరు కదలిపోవుట యన నేమో నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. ఓపెన్‌కాస్టు గనులు విస్తరించినకొలది పొలములు, తోటలు, తుదకు నివాసములును వాని క్రిందికి పోయినవి, పోవుచున్నవి. పోయిన యింటికి పరిహారము కట్టుదురు. పునరావాస కాలనీలో స్థలము చూపుదురు. కాని బొడ్రాయి యెక్కడ నుండెడిదో, ఏ వాడలో ఏ యింటిపేరువా రుండిరో, ఏ బావి వేసవిలోను ఎండక నిలిచెడిదో, ఏ చెలకను జను లేమని పిలిచెడివారో, ఆ లెక్క ఎవరును కట్టరు. పూర్వము పట్వారీల దఫ్తరములందు కొంత దొరకెడిది. ఆ పదవులు 1984లో రద్దయినవి. దఫ్తరమున్న కాలమందును సర్వే నంబరునకున్న గౌరవము పొలము పేరునకు లేదు.

ఇట్టి సంగతులను కొందరు పెద్దలు నోటుపుస్తకములలో వ్రాసికొనుచున్నారు. పదవీవిరమణ చేసిన గని కార్మికులు తమ తట్టాచెమ్మసు నాటి అనుభవములను మనుమలచేత ఫోనులో ఎక్కించుచున్నారు. మంచిదే. కాని వాట్సాపులో పంపిన వ్రాత ఫోను మాఱినప్పుడు పోవచ్చును. పోకున్నను, రెండేండ్ల క్రిందటి దానిని వెదకి తీయుట దుర్లభము. ఊరు చెదరిపోయిన తరువాత ఊరివారందరు ఎప్పుడైనను వచ్చి చదువుకొనుటకు ఇంటర్నెట్టునందు ఒక సొంత యిల్లు కావలెను. దానిని కట్టుట యెట్లో, కట్టిన పిమ్మట నిలుపుకొనుట యెట్లో నేడు మనవి చేసెదను. కట్టుట ఒక పూట పని. నిలుపుట ఏండ్ల తరబడి పని. కట్టించి యిచ్చువారు సాధారణముగా ఈ రెండవ సంగతి చెప్పక విడుతురు గావున, నేను దానినే విరివిగా చెప్పదలచితిని.

ఉచితముగా వ్రాసికొనుటకు చోటిచ్చు కంపెనీలు పెక్కు గలవు. అందు వ్రాసిన చాలదా యని కొందరడుగుదురు. అవి సత్రములు. సత్రములో దిగుట తప్పుకాదు, దానిని ఇల్లనుకొనుట తప్పు. జియోసిటీస్ అను నొక పెద్ద సత్రముండెడిది. లక్షలకొలది జనులు అందు తమ పుటలు పెట్టుకొనిరి. యజమానియైన యాహూ కంపెనీ 2009లో దానిని మూసినది. మన యువకులు ఒకనాడు మోజుపడిన ఆర్కుట్‌ను గూగుల్ కంపెనీ 2014లో మూసినది. గూగుల్ ప్లస్ అను మఱియొక దానిని 2019లో మూసినది. ముందుగా చాటింపు వేసియే మూసిరి. సత్రము వారిది, తాళము వారిది. చాటింపు వినని ముసలివారి వ్రాతలేమయ్యెనని అడుగువారు మాత్రము లేరు.

సొంత యింటికి మొదట కావలసినది పేరు. కంప్యూటరులు ఒకదానినొకటి అంకెలతో గుర్తించుకొనును. ఆ అంకెలు మనుష్యులకు జ్ఞాపకముండవు గనుక, 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ మొకపెట్రిస్ ఒక యేర్పాటు చేసెను. పేరు చెప్పినచో అంకె చెప్పు జాబితా యది. ఆ జాబితాలో మనము వ్రాయించుకొను పేరునే డొమైను అందురు. పేరు నిలిచియుండగా, వెనుకనున్న స్థలము ఎన్నిమార్లైనను మార్చవచ్చును. ఇందుకు మన సింగరేణికంటె మంచి యుదాహరణము నాకు తోచదు. 1871లో విలియం కింగ్ దొర ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనుగొన్నప్పుడు ఆ ప్రక్కనున్న చిన్న గ్రామము సింగరేణి. 1920లో కంపెనీకి ఆ పేరు వచ్చినది. పిమ్మట ప్రధాన కార్యాలయము కొత్తగూడెము చేరినది; గనులు బెల్లంపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి దాక ప్రాకినవి. బొగ్గెక్కడ త్రవ్వినను పేరు సింగరేణియే. డొమైను పని యచ్చముగా నిదియే.

పేరునకు దేశమును సూచించు తోక 'ఇన్' అనునది తీసికొనుట మేలు. 'భారత్' అను తోకతో తెలుగు లిపిలోనే పేరు పెట్టుకొను సదుపాయమును గలదు. కాని పాత ఫోనులలోను, కొన్ని ఉత్తరముల యేర్పాటులలోను అది చిక్కుపెట్టవచ్చును గావున, మొదటి పేరు ఇంగ్లీషు అక్షరములలో నుంచుకొని తెలుగు పేరును దానికి తోడుగా పెట్టుకొన్న బాగుండును. పేరు అమ్ముడు సరుకు కాదు, సాలుకు కౌలు. గడువునకు కౌలు కట్టనిచో కొన్నాళ్లు ఓపికపట్టి, తరువాత దానిని ఎవరికైనను ఇచ్చివేయుదురు. ఊరి దేవాలయము పేర నున్న చోటు మఱునాడు జూదము పటముగా మాఱియుండుట నేను కన్నులార చూచితిని. కావున పేరును ఉత్సాహవంతుడైన ఒక కుఱ్ఱవాని సొంత ఈమెయిలుపై తీసికొనరాదు. వానికి హైదరాబాదులోనో, దుబాయిలోనో ఉద్యోగము దొరకును. వాని ఫోను నంబరు మాఱును. గడువు జ్ఞాపకము చేయు ఉత్తరము ఎవరును తెఱవని పెట్టెలో పడును. సంఘము పేర ఒక ఈమెయిలు తెఱచి, దాని తాళము ఇద్దరు ముగ్గురి యొద్ద నుంచి, పేరు ఆ చిరునామాపైననే తీసికొనవలెను. వీలైనచో ఐదేండ్ల కౌలు ఒక్కమాఱే కట్టవలెను.

పేరు తరువాత స్థలము. రేయింబవళ్లు మేల్కొనియుండి, అడిగినవారికి పుటలు అందించు కంప్యూటరును సర్వరందురు. మన యింటిలో నొక మూల చిన్న యంత్రము పెట్టుకొనవచ్చును. అరచేతిలో నిముడు రాస్ప్‌బెర్రీ పై అను బ్రిటిషు యంత్రము 2012 నుండి దొరకుచున్నది, ఈ పనికి దాని శక్తి చాలును. కాని నేను దీనిని సలహా చేయను. రామగుండము విద్యుత్తు పలు రాష్ట్రములకు పోవుచున్నను మన వీధి తీగ గాలివానకు తెగకమానదు. మే నెల యెండకు తోడు బొగ్గుపొడి యంత్రములలోనికి దూరును. అంతేగాక ఇండ్లకిచ్చు ఇంటర్నెట్టు కనెక్షనునకు స్థిరమైన అంకె యుండదు. వాకిలి యెక్కడనో తెలియక వచ్చినవారు తిరిగిపోదురు. కావున సర్వరులో కొంత చోటు అద్దెకు తీసికొనుట మేలు. చిన్న గ్రామచరిత్రకు నెలకు కొన్ని వందల రూపాయలలో చాలిన చోటు దొరకును. స్థలము అద్దెదైనప్పుడు ఇల్లు సొంతమెట్లగునని శంక కలుగవచ్చును. కట్టడమంతయు విప్పి మూటగట్టి మఱియొక స్థలమున నిలబెట్టుకొను హక్కును, ఉపాయమును మన చేత నుండుటయే ఇచ్చట సొంతమనుట.

ఇక కట్టడము. దీనికి పనిముట్లు పెక్కు గలవు. పుటలను ముందే కూర్చి అచ్చు పుస్తకమువలె పెట్టు పద్ధతి యొకటి కలదు. అది చౌక, గట్టిది. కాని క్రొత్త వ్రాత చేర్చవలెనన్న ప్రతిమాఱు తెలిసినవాని నాశ్రయింపవలెను. పెద్దలు తమ ఫోనునుండి తామే వ్రాసి చేర్చవలెనన్న వర్డ్‌ప్రెస్ తగినది. ఇది 2003 మే 27వ తేదీన వెలువడినది. మిషెల్ వాల్‌డ్రిగి అను ఫ్రాన్సు దేశీయుడు చేసిన బీ2 అను పనిముట్టు ఆగిపోగా, అమెరికాలోని మాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండులోని మైక్ లిటిల్ దానిని చేపట్టి క్రొత్తది మలచిరి. ఎవరైనను వెల లేక తీసికొనవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును. ఈ హక్కు దాని పత్రములోనే కలదు. నేడు ప్రపంచములోని వెబ్‌సైటులలో నూటికి నలుబదికి పైగా దీనిపైననే నడచుచున్నవి. ఇచ్చట నొక హెచ్చరిక. ఇదే పేరునకు 'డాట్ కామ్' తోకతో నున్నది అద్దె సత్రము. 'డాట్ ఆర్గ్' తోకతో నున్నచోట దొరకునది మనము దించుకొనవలసిన సరుకు.

దీని పని తీరు గ్రహించినచో తక్కినదంతయు సుళువు. వ్రాతలన్నియు డేటాబేసు అను దఫ్తరమందు పట్టికలుగా నుండును. వర్డ్‌ప్రెస్ గుమాస్తా. చదువరి వచ్చి అడిగినప్పుడు గుమాస్తా దఫ్తరము విప్పి, వ్రాత తీసి, శీర్షిక, తేదీ, చిత్రము చేర్చి, అప్పటికప్పుడు పుట కూర్చి యిచ్చును. చిత్రములు మాత్రము దఫ్తరమందుండవు, ప్రక్కగదిలో ఫైళ్లుగా నుండును. దఫ్తరము వేఱు, ప్రక్కగది వేఱు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు, తరువాత పనికివచ్చును.

అద్దె సర్వరునకు ఒక కార్యాలయపు పుట యుండును. అందులో ముందుగా ఖాళీ దఫ్తరమొకటి తెఱచి దానికొక పేరు, వాడుకరి పేరు, పాస్‌వర్డు పెట్టవలెను. దాని అక్షరముల పద్ధతి 'యూటీఎఫ్ 8 ఎంబీ 4' అని యుండవలెను. పాత పద్ధతులున్నచో తెలుగంతయు ప్రశ్నార్థకపు గుర్తులుగా మాఱు ప్రమాదము గలదు. తరువాత దించుకొన్న వర్డ్‌ప్రెస్ మూటను సర్వరులోని బహిరంగపు సంచిలో విప్పవలెను. పిమ్మట ఫోనులోనో, కంప్యూటరులోనో మన పేరు కొట్టి తెఱచినచో, అదియే పలుకరించి భాష యేదని అడుగును. జాబితాలో తెలుగు గలదు, దానిని తాకవలెను. అక్కడక్కడ ఇంగ్లీషు మాటలు మిగిలియుండినను భయము లేదు. తరువాత దఫ్తరము పేరు, వాడుకరి, పాస్‌వర్డు అడుగును, చెప్పవలెను. చివరకు మన యింటి శీర్షిక, నిర్వాహకుని పేరు, క్రొత్త పాస్‌వర్డు, ఈమెయిలు అడుగును. నిర్వాహకుని పేరు 'అడ్మిన్' అని పెట్టరాదు. దొంగలు మొదట తట్టు తలుపు అదియే. ఇంతే పని. కొన్ని సర్వరులలో ఇదంతయు ఒక్క మీట నొక్కినంతనే యగును. నొక్కవచ్చును, కాని దఫ్తరము పేరును, దాని పాస్‌వర్డును తప్పక వ్రాసికొనవలెను.

లోపలికి పోయిన వెంటనే చక్కబెట్టవలసినవి కొన్ని యున్నవి. మాదిరికై వారు పెట్టిన వ్రాతను తీసివేయవలెను. గడియారమును కలకత్తా కాలమునకు త్రిప్పవలెను; లేనిచో ఉదయము వ్రాసినది అర్ధరాత్రపు లెక్కలో పడును. వెదకు యంత్రములు రావలదని చెప్పు ఒక చిన్న గడి యుండును. కట్టుచున్నన్నాళ్లు దానిని గుర్తుపెట్టి యుంచుట మంచిదే, కాని గృహప్రవేశమునాడు తీసివేయుట మఱచినచో ఊరి పేరు వెదకినవారి కెవ్వరికిని మన యిల్లు కనబడదు.

తెలుగువారు ప్రత్యేకముగా గమనింపవలసిన చిక్కొకటి గలదు. ప్రతి వ్రాతకును చిరునామా దాని శీర్షికనుండి పుట్టును. ఆ చిరునామాలో తెలుగక్షరము అక్షరముగా నిలువదు, అంకెలును గుర్తులును కలిసిన సంకేతముగా మాఱును. ఒక్కొక్క అక్షరమునకు, గుణింతపు గుర్తునకు కూడ, తొమ్మిది స్థానములు పట్టును. 'గోదావరిఖని' యన్న పేరొక్కటియే అక్షరములు, గుణింతములు కలిసి పది గనుక 90 స్థానములు మ్రింగును. వర్డ్‌ప్రెస్ ఇచ్చు స్థానములు మొత్తము 200. అనగా ఇరువదిరెండు గుర్తులు దాటగానే చిరునామా నడుమ తెగును. పొడుగు శీర్షికలు రెండు ఒకే విధముగా మొదలైనచో వాని చిరునామాలును ఒకేవిధముగా తెగి, చివర అంకె చేర్చి వేఱుచేయవలసి వచ్చును. శీర్షిక తెలుగున ఎంత పొడుగైనను ఉండనిండు. చిరునామాను మాత్రము చేతితో పొట్టిగా, ఇంగ్లీషు అక్షరములలో పెట్టుట మంచిది. ఉత్తరములో చదివి వినిపించుటకును, కాగితముపై వ్రాసి యిచ్చుటకును అదియే అనుకూలము.

ఇంతకంటె పెద్ద చిక్కు పాత వ్రాతలతో వచ్చును. మన పట్టణములలోని డీటీపీ దుకాణములందు చాలకాలముగా అను లిపిలో కొట్టుచున్నారు. కాగితముపై అది చక్కని తెలుగే. కాని కంప్యూటరు కడుపులో అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరములకు తొడిగిన తెలుగు వేషము. దానిని తెచ్చి క్రొత్త యింటిలో పెట్టినచో వేషమూడి పిచ్చిగీతలు కనబడును. ప్రపంచ భాషల అక్షరములన్నిటికి ఒక్కొక్క స్థిరమైన సంఖ్య నిచ్చిన యూనికోడ్ అను పట్టికలో 1991 నుండియు తెలుగునకు చోటు గలదు. పాత ఫైళ్లను ఆ పద్ధతికి మార్చు పనిముట్లు దొరకును. మార్చిన తరువాత ఒత్తులు, సున్నలు ఒక్కొక్కటిగా పెద్దలే చూడవలెను. ఫోనులో మాటలాడినచో అదియే అక్షరములుగా వ్రాయు సదుపాయమును ఉన్నది. మన ప్రాంతపు మాటను అది తనకు తెలిసిన పుస్తకపు మాటగా దిద్దివేయును. అందువలన గని మాటలు, చెలకల పేర్లు వ్రాయునప్పుడు దానిని నమ్మరాదు. ఆ మాటలు పోయినచో ఈ శ్రమయే దండుగ. చదువు అక్షరము పెద్దదిగా నుండవలెను. 'మండలి' వంటి మంచి తెలుగు అక్షరరూపములు వెల లేకయే దొరకును.

వ్రాయువారందరికి వేఱువేఱు ఖాతాలు తెఱవవలెను. గనిలోనికి దిగువారికి ఈ నియమము క్రొత్తగాదు. ల్యాంపురూములో ఒకరి నంబరు దీపము మఱియొకరు తీసికొన్నచో లోపల నున్న దెవరో పైవారికి తెలియదు. ఇక్కడను అంతే. నిర్వాహకుడు, సంపాదకుడు, రచయిత అను అంతరువు లున్నవి. పెద్దలకు రచయిత ఖాతా చాలును; నిర్వాహక తాళము ఇద్దరికి మించరాదు.

వాకిలికి గొళ్లెము వలె సర్టిఫికెటొకటి పెట్టవలెను. అది యున్నచో చదువరికిని ఇంటికిని నడుమ పోవు మాటలను దారిలో ఎవరును చదువలేరు. ఒకప్పుడు దీనికి సొమ్ము కట్టవలసి యుండెడిది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ధర్మసంస్థ 2015 చివరినుండి దీనిని ఉచితముగా నిచ్చుచున్నది. గడువు కొలది మాసములే గనుక, దానంతటదియే మాఱునట్లు ఏర్పాటు చేయించవలెను. అలంకారములకై ప్లగిన్లను అదనపు సరుకులను పెక్కు తగిలించుకొందురు. దొంగలు చొరబడునది చాలవరకు ఆ కిటికీలనుండియే. నాలుగైదు చాలును. వర్డ్‌ప్రెస్ చిన్న మరమ్మతులను 2013 నుండి తానే చేసికొనుచున్నది. తక్కినవి మనము చూడవలెను. ప్రతి షిఫ్టునకు ముందు మైనింగు సర్దారు కప్పును తట్టి చప్పుడు వినును గదా! గట్టి కప్పు గణగణ మ్రోగును, వదులైనది డొల్లగా పలుకును. నిన్న బాగుండెనని నేడు తట్టక విడుచు సర్దారును ఎవరును మెచ్చరు. వారమున కొకమాఱు లోపలికి పోయి, మరమ్మతులేమైన అడుగుచున్నదా యని చూచు మనిషిని ముందే నియమింపవలెను.

దఫ్తరము, ప్రక్కగది అని చెప్పితిని. బ్యాకప్పు తీయుట యనగా ఈ రెంటికిని నకలు తీయుట. దఫ్తరము మాత్రమే తీసినచో చిత్రములు పోవును. ఫైళ్లు మాత్రమే తీసినచో ఒక్క వాక్యమైనను మిగులదు. నకలును ఆ సర్వరులోనే దాచుట వ్యర్థము, ఇల్లు కాలినప్పుడు ఇంటిలోని నకలును కాలును. ఒకటి మన యొద్ద, ఒకటి దూరపు బంధువు నొద్ద నుండవలెను. 2022 జూలైలో గోదావరి పొంగి మంథని వీధులలోనికి నీరు వచ్చినది. ఒకే వాడలోని రెండిండ్లలో రెండు నకళ్లు పెట్టినవారికి అట్టినాడు రెండును తడిసియుండును. ఏడాది కొకమాఱు నకలునుండి ఇల్లు మఱల కట్టిచూడవలెను. కట్టిచూడని నకలు ఉన్నదో లేదో చెప్పలేము.

ఏమి వ్రాయరాదో కూడ చెప్పవలెను. నిర్వాసితుల జాబితాలు, పరిహారపు కాగితములు సాక్ష్యముగా పెట్టవలెనను కోరిక సహజము. కాని ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, పాసుపుస్తకముల ఫోటోలు, ఫోను నంబరులు బహిరంగముగా పెట్టినచో వానిని మొదట చదువువారు మోసగాండ్రు. అట్టివి బీరువాలో నుండవలెను. ఊరి పటము, బావులు, గుడులు, పండుగలు, ఇంటిపేరులు, చనిపోయిన వారి జ్ఞాపకములు, ఇవి ఇంటిలో నుండవలెను. అవియు బ్రదికియున్న కుటుంబీకుల నడిగియే.

తాళముల పట్టిక యొకటి కాగితముపై వ్రాయవలెను. పేరు ఎక్కడ తీసికొంటిమి, గడువెప్పుడు, సర్వరు ఎవరిది, దఫ్తరము పేరేమి, నకళ్లు ఎవరి యొద్ద నున్నవి, ఈ సంగతులన్నియు అందుండవలెను. దానిని మూసిన కవరులో పెట్టి సంఘపు బీరువాలో నుంచి, కార్యవర్గము మాఱినప్పుడెల్ల లెక్కపుస్తకముతోపాటు ఒప్పగింపవలెను.

ఇరువదేండ్లకు అద్దె కట్టువారే లేకపోయిన నేమగునని పెద్ద లడుగవచ్చును. అమెరికాలో 1996లో బ్రూస్టర్ కాల్ అను నతడు స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయము లోకములోని వెబ్ పుటలకు నకళ్లు తీసి భద్రపఱచుచున్నది. వారికి మన చిరునామా చెప్పి ఈ పుట తీసికొనుమని అడుగు గడి వారి యొద్ద నున్నది, సొమ్మక్కఱలేదు. ఊరిని గూర్చిన ముఖ్యమైన వ్రాత చేర్చిన ప్రతి దినమున, వ్రాసిన కుఱ్ఱవానిచేతనే ఆ గడిలో చిరునామా వేయించి, తీసికొన్నదో లేదో తెఱచి చూడవలెను.